పాల అడ్డు

మార్దీన్‌లో సంబంధం కలుపుకోవాలనుకున్న ఆడవాళ్ళు తిన్నగా పిల్ల ఇంటికి వెళ్ళరు. ముందు జీనులు కుట్టేవాళ్ళ వీధిలో, మెట్ల దారి మలుపు దగ్గరున్న నోఫా ఇంటికి వెళ్తారు. చెప్పులు విడిచి కూర్చుంటారు. ఈ ఏడు ద్రాక్ష ఎలా కాసిందో, ఎవరి కోడలు ఎవరి మీద అలిగి పుట్టింటికి పోయిందో మాట్లాడుకుంటారు. లేవబోయే ముందు అసలు మాట అడుగుతారు.

"పాల అడ్డేమైనా ఉందా నోఫా?"

లేదంటే లేచి పిల్ల ఇంటికి పోతారు. ఉందంటే ఆ సంబంధం పేరు మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఒకే రొమ్ము పాలు తాగినవాళ్ళు ఏ కడుపున పుట్టినా తోబుట్టువులే, వాళ్ళకు పెళ్ళి కూడదు. దీనికి కాగితం లేదు, కచేరీ లేదు. నోఫా మాటే చెల్లుబాటు.

ఆ మాటకు అంత విలువ ఊరికే రాలేదు. నోఫా ముగ్గుర్ని కన్నది. ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. బిడ్డ పోయిన సంగతి పాలకు తెలియదు కదా, అవి వస్తూనే ఉండేవి. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, ఒళ్ళు కాలిపోతూ, గోడకు తల ఆనించి ఏడుస్తుంటే ఎవరో ఒకరు తల్లి లేని పిల్లనో, తల్లి పాలు చాలని పిల్లాణ్ణో తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. అలా కంచర గాడిదలు తోలే కుర్దు మనిషి కవలలు తాగారు. మందుల కొట్టు ఆర్మేనియను మనవడు తాగాడు. పక్కింటి సిరియాని క్రైస్తవురాలు షెమూనీకి రొమ్ము మీద గడ్డ లేచినప్పుడు ఆమె చిన్న కొడుకు తాగాడు. రాగి పనివాడు రాసిం భార్య పురిట్లోనే కన్నుమూస్తే, ఆ పిల్ల సెల్వా రెండేళ్ళ పాటు నోఫా ఒళ్ళోనే పెరిగింది. పాలు మానేసినా ఆ పిల్ల ఒడి మానలేదు. తండ్రి ఇల్లు పడుకోవడానికి, నోఫా ఇల్లు బతకడానికి అన్నట్టు పెరిగి పెద్దదైంది.

హలబ్ నుంచి మోసుల్ పోయే బిడారులు ఆగిన ఊరు ఇది. బిడారులు పోయాయి, రైలు కింద మైదానంలోంచే వెళ్ళిపోయింది, అవతల సరిహద్దుకు ముళ్ళకంచె పడి బేరాలు సగం చచ్చాయి. ఆ బేరాల వెంట వచ్చి స్థిరపడిన జనం మాత్రం కొండను పట్టుకుని అలాగే ఉన్నారు. ఒకరి ఇంటి కప్పు ఇంకొకరి వాకిలి. కింది ఇంట్లో అరబ్బీలో తిట్టుకుంటే పై ఇంట్లో కుర్దీలో నవ్వుతారు. ఇంత ఇరుకులో ఎవరి పిల్ల ఎవరి దగ్గర తాగిందో గుర్తుంచుకోకపోతే కొంపలు మునుగుతాయి. అందుకే నోఫా ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ పిల్లకు పాలిచ్చినా మర్నాడు పొద్దున్నే వీధి నీళ్ళ ధార దగ్గర నిలబడి, బిందెలతో వచ్చిన ఆడవాళ్ళందరూ వినేలా గట్టిగా చెప్పేది.

"వినండర్రా! నిన్న రాసిం కూతురికి నా పాలిచ్చాను. రేపు నాకు తెలీదు, నువ్వు చెప్పలేదు అంటే కుదర్దు."

ఒక్క పిల్లాడి సంగతి మాత్రం ఆ ధార దగ్గర ఎప్పుడూ చెప్పలేదు.

మంచు మోకాళ్ళ లోతు పడిన చలికాలం అది. నోఫా మొదటి బిడ్డ పోయి ఇంకా నెల తిరగలేదు. గుడ్డల వర్తకుడి భార్య బద్రియాకు కాన్పయిన కొద్ది రోజులకే పాలు ఎండిపోయాయి. ఆమె అత్త వజీహా మక్కా వెళ్ళొచ్చిన మనిషి, ఊరంతా హజ్జమ్మ అంటారు. ఆవిడ తుమ్మితే ఇంట్లో మగవాళ్ళు కూడా లేచి నిలబడేవారు. "మా ఇంటి కోడళ్ళకు పాలు ఎండవు. ఎండితే అది మా ఇంటి కోడలు కాదు" అని ఆవిడ ఎప్పుడో ఒక మాట విసిరేసింది. కొడుక్కి రెండో పెళ్ళాన్ని తేవడం ఆవిడకు చిటికెలో పని. అందుకని బద్రియా కుట్టుపని నేర్చుకునే వంకతో పిల్లాణ్ణి ఎత్తుకుని పై వరసలో ఉన్న షెమూనీ ఇంటికి వచ్చేది. షెమూనీ వాణ్ణి శాలువా కింద దాచి, తన పెరట్లోని మంచు దాటి, గోడలో ఉన్న చిన్న తలుపులోంచి నోఫా దగ్గరికి చేర్చేది. మంచు కరిగి, పిల్లాడు గంజికి అలవాటు పడేదాకా అలాగే సాగింది.

మొదటి రోజే బద్రియా నోఫా చెయ్యి లాగి పసివాడి తల మీద పెట్టించింది.

"ఎవరికీ చెప్పనని వీడి తల మీద ఒట్టెయ్యి వదినా. చెప్తే నా కాపురం కూలిపోద్ది."

నోఫా ఒట్టేసింది. ఒట్లు వేయించుకునేవాళ్ళకేం, వేయించుకుని వెళ్ళిపోతారు. మోసేది వేసినవాళ్ళు. ఆ పిల్లాడి పేరు నయీం.

ఇరవై ఏళ్ళ పైన గడిచాయి. లారీలొచ్చి జీనుల పని పడిపోయింది, నోఫా భర్త ఆ దిగులుతోనే పోయాడు. ద్రాక్షరసం కాచే రోజుల్లో ఒక మధ్యాహ్నం వజీహా హజ్జమ్మ చేతికర్ర టకటకలాడించుకుంటూ, కోడలు బద్రియానూ ఇద్దరు చుట్టపు ఆడవాళ్ళనూ వెంటేసుకుని మెట్లెక్కి వచ్చింది.

"మా నయీంకి నీ సెల్వాని అనుకుంటున్నామే. పిల్లని నేనే ఎంచాను. హమ్మాంలో నీళ్ళు పోసుకుంటుంటే చూశా. నడుం నిటారుగా ఉంది, నాలుక అదుపులో ఉంది. ఈ రోజుల్లో రెండూ ఒకే పిల్లకి దొరకవు."

నోఫా తల వంచుకుని చాప అంచు సవరించింది.

"అడగాలి కాబట్టి అడుగుతున్నా. మా వాడికీ నీకూ పాల అడ్డేం లేదు కదా?"

హజ్జమ్మ వెనక బద్రియా ముసుగు అంచు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కళ్ళు మాత్రం నోఫా మీదే ఉన్నాయి. ఉందంటే ఒట్టు తప్పినట్టే, అది తిరిగి తిరిగి ఆ పిల్లాడి తల మీదికే వస్తుంది. లేదంటే ఏమవుతుందో ఆలోచించేలోపే నోరు జారింది.

"లేదు హజ్జమ్మా."

"ఇంకేం. దేవుడు మేలే చేస్తాడు" అంటూ హజ్జమ్మ కర్ర ఊని లేచింది. వెళ్తూ వెళ్తూ బద్రియా నోఫా చెయ్యి నొక్కింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. చుట్టపు ఆడవాళ్ళు అప్పుడే మెట్ల మీద నుంచి అటు ఇంటికీ ఇటు ఇంటికీ శుభవార్త కేకేసి చెప్తున్నారు. ఊరందరి పాల లెక్క తప్పకుండా చెప్పిన మనిషి, తీరా తన పిల్లల దగ్గరికి వచ్చేసరికి అబద్ధమాడింది.

ఆ రోజు నుంచి నోఫాకు తిండి సయించలేదు. గోధుమ నూకలో ఉప్పు రెండుసార్లు వేసింది. తలుపు తడితే ఉలిక్కిపడేది. ధార దగ్గర పెళ్ళి మాట వస్తే బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు నవ్వినా తనను చూసే నవ్వారనుకునేది. నమాజుకు నిలబడితే ఎక్కడిదాకా చదివిందో మర్చిపోయి మళ్ళీ మొదటికి వచ్చేది. దేవుడికి తెలుసు. తెలిసిన దేవుడి ఎదుట ఏమని నిలబడాలో ఆమెకు అర్థం కాలేదు. పుట్టబోయే పిల్లలు ఎలా పుడతారో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పనిలో పడేది.

సెల్వా మాత్రం రోజూ వచ్చేది. వచ్చి, కుట్టుకుంటున్న దుప్పటి పరిచి చూపించేది. ఒక రోజు దుప్పటి పక్కన పెట్టి దగ్గరికి జరిగింది.

"అమ్మా, ఒకటి చెప్తా. నవ్వకూడదు."

"చెప్పు."

"మొన్న కప్పు మీద మిరపకాయలు ఎండేస్తున్నానా, కింద వాళ్ళ కప్పు మీద ఆయన పావురాల్ని ఎగరేస్తున్నాడు. నేను ముసుగు లాక్కున్నా గానీ, ఒక కన్ను వదిలేశా."

"సిగ్గులేదటే?"

"ఉంది. అందుకే ఒక కన్నే."

నోఫా నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయ ఘాటు అంది. "ఉల్లిపాయేదమ్మా ఇక్కడ?" అని సెల్వా చుట్టూ చూసి, ముసలితనం అనుకుని ఆమె బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉండటం నోఫా ఎన్నడూ చూడలేదు. చూసిన ఒక్కసారీ ఇలా చూడాల్సి వచ్చింది.

ఇక ఆగలేక బద్రియా ఇంటికి వెళ్ళింది. బద్రియా వసారాలో కూర్చుని, ద్రాక్షపాకంలో ముంచడానికి అక్రోటు పప్పులు దారానికి గుచ్చుతోంది. నోఫాను చూడగానే సూది ఆగింది.

"ఎందుకొచ్చావ్ వదినా? అత్తయ్య లోపలే ఉంది."

"ఈ పెళ్ళి ఆపు బద్రియా."

"నేనా? ఏం చెప్పి ఆపను? సంబంధం ఎంచింది ఆవిడ. పిల్ల బాలేదంటే ఏం బాలేదే అని నిలేస్తది. వీడేమో సెల్వా కాకపోతే పెళ్ళే వద్దని కూర్చున్నాడు. నేను మాత్రం సంతోషంగా ఉన్నాననుకున్నావా? పెదాలు కొరుక్కుని కొరుక్కుని చూడు ఎలా అయ్యాయో."

"వాళ్ళు అన్నాచెల్లెళ్ళే!"

"మెల్లగా!" బద్రియా లోపలి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఐదుసార్లు కడుపునిండా తాగితేనే లెక్కంట. కొందరు పెద్దలు అలాగే చెప్తారంట. నువ్వు మూడుసార్లో నాలుగుసార్లో ఇచ్చుంటావ్. అంతే కదా?"

"మంచు పడ్డం మొదలైన కాణ్ణించి కరిగేదాకా ఇచ్చానే! నీకు గుర్తులేకపోతే వాడి బుగ్గలకి గుర్తుండాలి."

బద్రియా పప్పు ఒకటి తీసి గుచ్చబోయి వేలికి గుచ్చుకుంది. నెత్తురు చూసి ఏడుపు ఆపుకుంది.

"నాకిప్పుడు నలభై దాటాయి వదినా. ఇన్నేళ్ళు అబద్ధమాడానని తెలిస్తే నన్ను గడప దాటిస్తారు. ఎక్కడికి పోను? నువ్వు ఒట్టేశావ్. వాడి తల మీద వేశావ్. ఆ తలకేమైనా అయిందో, చచ్చినా నిన్ను వదలను."

నోఫా ఎలా వచ్చిందో అలాగే మెట్లెక్కింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్కణ్ణించి తిన్నగా షెమూనీ ఇంటికి పోయింది. ఆ చలికాలం సంగతి తెలిసిన మూడో మనిషి ఆమె ఒక్కతే.

షెమూనీ మహ్‌లబ్ గింజల పొడి కలిపి తీపి రొట్టెల పిండి పిసుకుతోంది. నోఫాను చూసి నవ్వింది.

"ఏంటక్కా ఆ మొహం? నా పిండి కంటే ఎక్కువ పులిసింది."

నోఫా అంతా చెప్పింది. హజ్జమ్మ అడిగింది, తాను లేదంది, బద్రియా బెదిరించింది. "నేను చెప్తే బద్రియా కాదంటుంది. ముసల్దానికి మతిపోయిందంటారు. చూసినదానివి నువ్వు. సాక్ష్యం చెప్తావా?"

షెమూనీ చేతులు దులుపుకుని లేచి వీధి తలుపు మూసింది.

"అక్కా, నీకోసం ఆ మంచులో కాళ్ళు కొంకర్లు పోయేలా తిరిగాను. ఇంకేదైనా అడుగు, ఇది అడక్కు. మా ఆయన వెండి పని చేసే కొట్టు బద్రియా మొగుడిది. రేపు ఖాళీ చెయ్యమంటే కొలిమి నెత్తిన పెట్టుకుని తిరుగుతాడా? పెళ్ళి మీది, మతం మీది, తగువు మీది. మధ్యలో మేం దూరితే పగిలేది మా కుండే. మా నాయనమ్మ పోయేముందు కూడా అదే చెప్పింది. 'సాక్షిగా నిలబడకే తల్లీ, మనవాళ్ళని తోలుకుపోయిన ఏడు ముందు సాక్షుల్నే తీసుకుపోయారు' అని."

నోఫాకు ఆ మాట కొత్త కాదు. చర్చి వెనక వీధిలో తాళాలు తుప్పు పట్టిన ఆర్మేనియన్ల ఇళ్ళు ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తోంది. వాళ్ళంతా ఎక్కడికి పోయారని అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళు పొయ్యిలో కట్టె ఎగదోసి మాట మార్చేవారు. షెమూనీ భయాన్ని ఆమె తప్పు పట్టలేకపోయింది.

"మా వాళ్ళల్లోనూ బిడ్డ జ్ఞానస్నానానికి పెద్దలుగా నిలబడినవాళ్ళ పిల్లల్ని చేసుకోకూడదు" అంది షెమూనీ, కాస్త మెత్తబడి. "ఈ ఊళ్ళో ఎవరికెవరు అడ్డో దేవుడే గుర్తుపెట్టుకోవాలి. వేడి రొట్టె తిని పో అక్కా."

నోఫా రొట్టె తినకుండా చేత్తో పట్టుకునే ఇంటికి వచ్చింది.

పెళ్ళికి ముందు పెళ్ళికూతురి స్నానం వచ్చింది. ఆ రోజు హమ్మాం మొత్తం రెండిళ్ళ ఆడవాళ్ళదే. అది రాకుండా ఏదైనా జరగకపోతుందా అని నోఫా చూసింది. తనకే జ్వరం రాకూడదా అనుకుంది. ఏ ఇంట్లోనో ముసలివాళ్ళు ఎవరైనా పోయి పెళ్ళి ఆగితే బావుణ్ణని కూడా అనుకుని, మరుక్షణం చెంపలేసుకుంది. ఏమీ జరగలేదు. ఎండ కూడా చక్కగా కాసింది.

ఆవిర్లలో డప్పు మోగుతోంది. ఆడవాళ్ళు నారింజలు ఒలుచుకుంటూ, పాటలు పాడుతూ, ఒకరి మీద ఒకరు నీళ్ళు చిమ్ముకుంటున్నారు. పక్కింటివాళ్ళు కాబట్టి షెమూనీనీ పిలిచారు, ఆమె ఓ మూల కూర్చుంది. మధ్యనున్న వేడి రాతి పలక మీద సెల్వా జుట్టు విరబోసుకుని కూర్చుంది. తల మీద మొదటి నీళ్ళు తల్లి పోయాలి. తల్లి లేదు కాబట్టి పాలిచ్చిన తల్లి. ఎవరో వెండి గిన్నె నోఫా చేతికిచ్చారు. పోస్తూ దీవించాలి.

"నీ ఇల్లు నిండాలి" అంది నోఫా. "నీ ఒడి..."

గిన్నె పక్కకు ఒరిగి సగం నీళ్ళు రాతి మీద ఒలికాయి. సెల్వా తలెత్తి, నవ్వుతూ, "అమ్మా, నా తల ఇటుంది" అంది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

నోఫా గిన్నె కింద పెట్టేసింది.

"ఈ స్నానం జరక్కూడదు. నేను అబద్ధం చెప్పాను. నయీంకి నా పాలు పట్టాను. ఆ పెద్ద మంచు పడిన ఏడాది చలికాలమంతా పట్టాను. ఇద్దరూ నా పిల్లలే."

డప్పు కొట్టేవాళ్ళకు వినపడక రెండు దెబ్బలు ఎక్కువ కొట్టి ఆపారు. బద్రియా దిగ్గున లేచింది.

"అబద్ధం! ముసల్దానికి మతి పోయింది. కన్న పిల్లల్ని నిలుపుకోలేనిది ఊళ్ళో పిల్లలందర్నీ నా పిల్లలంటది! ఈ పిల్ల పెళ్ళయి పోతుందని కడుపుమంట. ఇన్నాళ్ళూ లేదన్నది ఇవాళ ఎలా వచ్చిందో అడగండి!"

ఆ మాట నోఫాకు సూటిగా తగలాల్సిన చోటే తగిలింది. చుట్టూ గుసగుసలు లేచాయి. ఎవరో, "ఎవరైనా చూశారా? సాక్ష్యముందా?" అని అడిగారు.

నోఫా మూల వైపు చూడలేదు. కళ్ళు నేల మీదే పెట్టుకుంది.

"ఎవరూ లేరు. నా మాటే."

"చూశారా!" అంది బద్రియా.

అప్పుడు హజ్జమ్మ కర్రతో రాతి మీద ఒక్కటి కొట్టింది.

"నోర్ముయ్ బద్రియా. నీకు పాల్లేవని నాకు తెలీదనుకున్నావా? పిల్లాడు ఏడుస్తా పైకి పోయేవాడు, త్రేనుస్తా కిందికి వచ్చేవాడు. నాకు కళ్ళు లేవా? ముక్కు లేదా?"

బద్రియా ఉన్నచోటే కూలబడింది. "తెలుసా? తెలిసి ఏం అన్లేదా అత్తయ్యా?"

"ఏమనాలి? ఒకప్పుడు నాకూ ఎండిపోయాయి. మా అత్త దగ్గర నేను దాచలేదూ? అత్తన్నాక ఓ మాట అంటది, కోడలన్నాక ఓ మాట దాస్తది. పిల్లాడు బతికాడు, చాలనుకున్నా."

ఇరవై ఏళ్ళు. ఆ ఒక్క మాటకు భయపడి బద్రియా దాచింది, బద్రియాకు భయపడి నోఫా దాచింది. భయపెట్టిన మనిషి అన్నీ తెలిసే కూర్చుంది. ఇలాంటి పెద్దరికాన్ని ఏం చేసుకోవాలి?

హజ్జమ్మ మెల్లగా మూలకు తిరిగింది. "కానీ షెమూనీ, వాడొచ్చేది నీ ఇంటికి కదే. నీ పాలే అనుకున్నా. మీకూ మాకూ పిల్లనిచ్చుకోడాలు లేవు, అడ్డేముందిలే అని ఊరుకున్నా. ఇప్పుడు చెప్పు. నీ పాలా, నోఫా పాలా?"

'నావే' అంటే చాలు. పెళ్ళి నిలుస్తుంది, కొట్టు నిలుస్తుంది, బద్రియా నిలుస్తుంది. ఆ మాట షెమూనీ అంటే బావుణ్ణని ఒక్క క్షణం నోఫా కూడా కోరుకుంది. నిజం చెప్పడానికి లేచిన మనిషే అలా కోరుకుంది. షెమూనీ రాతి మీది పెళ్ళికూతుర్ని చూసింది, బద్రియాను చూసింది, ఒంటి మీది బట్ట గట్టిగా చుట్టుకుంది.

"ఆ ఏడు నాకు పాలెక్కడివి హజ్జమ్మా? నా పెద్దాడికి అప్పటికే నాలుగేళ్ళు, చిన్నాడింకా పుట్టలేదు. నేను మోశానంతే. తాగింది నోఫక్క దగ్గరే."

చెప్పేసి, ఒలిచి పెట్టుకున్న నారింజను పక్కకు తోసేసింది.

సెల్వా ఏడవలేదు. జుట్టు ముడేసుకుని నోఫా ఎదుటికి వచ్చి నిలబడింది.

"అమ్మా, ఆళ్ళు అడగడానికొచ్చిన రోజే ఎందుకు చెప్పలేదు? ఆ రోజు చెప్పుంటే ఆయనెవరో కూడా నాకు తెలీదు. కప్పు మీద పావురాలోడు ఎవడో, అంతే."

"భయమేసిందే" అంది నోఫా.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే బట్టలు కట్టుకుని వెళ్ళిపోయారు. నారింజ తొక్కలు నీళ్ళల్లో తేలుతూ ఉండిపోయాయి.

భయం దానితో తీరిపోతుందనుకుంది నోఫా. తీరలేదు, చోటు మారిందంతే. ఇప్పుడు ఒట్టు భయం పట్టుకుంది. మెట్ల మీద ఎవరు దిగుతున్నా ఆపి, "నయీం బానే ఉన్నాడా?" అని అడిగేది. గదిలోంచి రావట్లేదంట అన్నారు. తిండి మానేశాడంట అన్నారు. పావురాల్ని అమ్మేశాడంట అన్నారు. ఎక్కడైనా ఏడుపు వినిపిస్తే గుమ్మం దాకా పరిగెత్తి, అది ఏ పసిపిల్లదో అయితే గుండె పట్టుకుని కూర్చునేది. షెమూనీ భర్తను కొట్టు ఖాళీ చెయ్యమన్నారు. హజ్జమ్మ వద్దన్నా కొడుకు వినలేదు. నోఫా మొహం చూపించలేక గోడ తలుపు దగ్గర నిలబడితే, "కుండ పగిలిందిలే అక్కా, ఇప్పుడు చూసేదేముంది, లోపలికి రా" అంది షెమూనీ.

సెల్వా కొన్నాళ్ళు రాలేదు. తర్వాత ఒక రోజు వచ్చి, ఏమీ మాట్లాడకుండా వాకిలి ఊడ్చి, పొయ్యి ముట్టించింది. అప్పట్నుంచి రోజూ వచ్చేది, పని చేసేది. అడిగితే సమాధానం చెప్పేది. "అమ్మా" అని మాత్రం పిలిచేది కాదు. నోఫా ఆ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని, రాకపోతే తనకు తగిన శాస్తేలే అనుకునేది.

ఒక సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. నోఫా తీసింది. గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి, నయీం నిలబడి ఉన్నాడు. తల మీద టోపీ లేదు. ఆ తలను నోఫా పైనుంచి కిందికి చూసింది, ఎక్కడా దెబ్బ లేదు. తలుపు పట్టుకుంది. అతను వంగి ఆమె చెయ్యి అందుకుని ముద్దుపెట్టుకున్నాడు, నుదుటికి ఆనించుకున్నాడు.

"అమ్మా" అన్నాడు. "నాయనమ్మ చెప్పింది, వెళ్ళి చెయ్యి ముద్దుపెట్టుకు రారా, బతికించింది ఆవిడే అని."

కన్న ఏ బిడ్డా బతికి తనను అంత ఎత్తు నుంచి వంగి పిలవలేదు. నోఫా అతని తల రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది.

పొయ్యి దగ్గరున్న సెల్వా, మగ గొంతు వినిపించగానే ముసుగు ముక్కు దాకా లాక్కుని లోపలి గదిలోకి లేచి వెళ్ళబోయింది. నోఫా కేకేసింది.

"ఎక్కడికే? ఉండు. నీ అన్న. ఇంక దాక్కోవాల్సిన పని లేదు."

సెల్వా ఆ గది గుమ్మంలో ఆగిపోయింది. అన్న ఎదుట ముసుగెందుకు? ఈ ఇంట్లో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, బతికినన్నాళ్ళూ చూసుకోవచ్చు. ఏ తప్పూ లేదు. ఆమె చెయ్యి నెమ్మదిగా ముసుగు మీంచి జారింది. రెండు కళ్ళతోనూ అతన్ని చూసింది. నయీం చూడలేక చాప వైపు చూపు తిప్పుకున్నాడు.

సెల్వా పొయ్యి దగ్గరికి వెళ్ళి గిన్నె అందుకుంది.

"కాఫీ పెట్టనా అన్నా?"

అతను తలెత్తలేదు.

"పెట్టు చెల్లీ" అన్నాడు.